బయటపడిన సామి

మారతహళ్ళిలో మా ఫ్లాట్లకి ట్యాంకర్ రాక, పొద్దున్నుంచీ కుళాయిల్లో చుక్క లేదు. ఖాళీ బకెట్ పక్కన కూర్చుని ఫోన్ తెరిస్తే ఊరి గ్రూపులో ఒక ఫొటో. మన డ్యాం ఎండిపోయి, అందులో మునిగిన రాతిగుడి మళ్ళా బయటపడింది! ఎగిరి గంతేసినాను. ఆ తర్వాత బకెట్ చూసి సిగ్గేసింది.

గుర్తుండాదాప్పా ఊరోళ్ళూ మీకు, మన చిన్నప్పుడు? బీటలు పడిన బురదమీద మన పరుగులు, ఎండిన నాచు వాసన కొట్టే స్తంభాలు, నంది చెవిలో ఇరుక్కున్న నత్తగుల్లలు? మనకి అది తిరనాళ్ళే. మా అవ్వ మాత్రం గట్టు దిగేది కాదు. అక్కడే టెంకాయ కొట్టి, "మునిగిపో సామీ. నువ్వు కనపడితే మాకు కూడుండదు" అని ఏడ్చేది. నీళ్ళు నిండిన ఏడు, ఆ నీళ్ళకే సంతోషంగా దండం పెట్టేది.

నా కూతురు ఫొటో చూసి, "అమ్మా, వాన పడేలోపల పోదాం. శనివారం నాకు సెలవే" అనింది.

అవ్వ మాదిరే మొక్కుదామని చేతులు జోడించినాను. మునిగిపొమ్మనడానికి నోరు రాలేదు.

"శనివారం దాకా ఉండు సామీ" అన్నాను.