బతికున్న మనిషి పేరు

మాణిక్యానికి రెండో కాన్పులో పుట్టిన పిల్ల ఐదు నెలలు బతికింది. ఆ ఐదు నెలలూ ఆ పిల్లకి పేరు లేదు.

అదేం చోద్యమని ఇప్పటివాళ్ళకి అనిపిస్తుంది. రాజోలుకి బాగా దిగువన, వైనతేయ పాయ సముద్రంలో కలిసే చోట, పడవలవాళ్ళ పాలెం ఒకటుండేది. ధవళేశ్వరంలో గోదారికి అడ్డంగా ఆనకట్ట కడుతున్న రోజులవి. సున్నపు బట్టీలకి కావలసిన గుల్లని ఆడవాళ్ళు ఇసకమేటల మీద ఏరి కుప్పలు పోస్తే, మగవాళ్ళు పడవల్లో ఎగువకి తీసుకుపోయేవారు. ఆ పాలెంలో పేరు చెప్పేది తల్లే అయినా, పెట్టేది మేనత్త. పిల్లని ఒళ్ళోకి తీసుకుని, చెవిలో ముమ్మారు పిలిచి, ఉయ్యాల్లో వేస్తుంది. మేనత్త నోట పడని పేరు పేరే కాదు.

మాణిక్యం మొగుడు పోలయ్యకి ఒక్కతే అక్క, అచ్చాయమ్మ. పక్క పాకలోనే కాపరం. పిల్లల్లేరు. ఆవిడ భర్త కామరాజుకి సొంత పడవ ఉండేది, పోలయ్య దాన్నే గెడ వేసి నడిపేవాడు. అంచేత రెండు పాకల్లోనూ చెల్లేది ఒక్క మాటే, అది అచ్చాయమ్మది. మాణిక్యం మొదటి కొడుకు పురిట్లోనే పోయాడు. తరవాత ఆడపిల్ల పుట్టినప్పుడు, చనిపోయిన అత్తగారి పేరు ముత్యాలు అని పెట్టుకుందామని మాణిక్యం ఆశపడింది. ఇరవై ఒకటో నాడు పాలెం ఆడవాళ్ళంతా వచ్చి చాపల మీద కూర్చున్నాక, అచ్చాయమ్మ పిల్లని ఒళ్ళోకి తీసుకోనంది.

"దీని కడుపున ఏది నిలిచిందని మా అమ్మ పేరు పాడుచేసుకోవడం? నిలబడనీ, అప్పుడు చూద్దాం," అంది.

అని, వక్క నోట్లో వేసుకుని లేచిపోయింది. పోలయ్య ప్రతి నెలా వెళ్ళి అక్కని బతిమాలేవాడు. వచ్చే నెలలో చూద్దామనేది. ఐదో నెలలో పిల్లకి దగ్గు పట్టుకుని, మూడు రోజుల్లో పోయింది.

అక్కడ పోయినవాళ్ళని పేరెత్తి ఏడుస్తారు. పేరు పిలిచి, వాళ్ళు చేసిన పనులూ ఆడిన మాటలూ చెప్పుకుని, మళ్ళీ పేరు పిలుస్తారు. మాణిక్యం ఏడవడానికి నోరు తెరిచింది. పిలవడానికేమీ దొరకలేదు. "ఓ పిల్లా" అంది. ఆ మాటకి పాలెంలో ఏ పిల్లయినా పలుకుతుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఎలా అందుకోవాలో తెలియక కొంగులు నోట్లో కుక్కుకున్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ అచ్చాయమ్మ, "నే చెప్పలేదూ," అంది.

ఆ ముక్కని మాణిక్యం ఏడేళ్ళు దాచుకుంది. దాచుకున్నట్టు ఎవరికీ తెలియనివ్వలేదు. వదినగారికి తల దువ్వింది, పేలు చూసింది, జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చింది. గుల్ల ఏరేటప్పుడు మాత్రం ఇసకలోంచి తీసిన ప్రతి గుల్లనీ అవసరమైన దానికంటే గట్టిగా కుప్పకేసి కొట్టేది.

ఏడేళ్ళకి మళ్ళీ ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని సత్యనారాయణమ్మ బొడ్డు కోసి పిల్లని చేతికిస్తున్నప్పుడే మాణిక్యం నిశ్చయించుకుంది.

ఆ పాలెంలో ఉయ్యాల్లోకి దిగేవి పోయినవాళ్ళ పేర్లే. బతికున్న మనిషి పేరు పిల్లకి పెట్టడమంటే, ఆ మనిషి మాకు చచ్చిందని నలుగురిలో చాటడమే. అంతటితో ఆగదు. ఇంట్లో తిరుగుతున్న పిల్ల పేరుని చావు ఏడుపులో ఎవరూ ఎత్తరు, పిల్లకి తగులుతుందని భయం. అచ్చాయమ్మ పేరు పిల్లకి పెడితే, అచ్చాయమ్మ పోయిననాడు ఆవిడని పేరెత్తి ఏడవడానికి ఎవరికీ వీలుండదు. మాణిక్యానికి కావలసింది అదీ.

కానీ ఆ ఇరవై రోజులూ ఆమెకి కంటి మీద కునుకు లేదు. పాలెంలో ఒక్కొక్కరి మొహమే తలుచుకుని, వీళ్ళేమంటారు, వాళ్ళేమంటారు అని లెక్క చూసుకునేది. కన్నబిడ్డ నెత్తిన చావు పేరు పెట్టిన తల్లి అంటారు. అది పడొచ్చు. అసలు భయం వేరే ఉంది. కామరాజు పడవ కోసం ఆడబిడ్డ పేరు పెట్టి మంచి చేసుకుంది అనుకుంటే? పగ తీర్చుకున్నదాన్ని పట్టుకుని కాకా పట్టిందంటే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా పిల్లకి పాలిస్తూ పళ్ళు కొరికేది.

నీళ్ళు పోయడానికొచ్చిన సత్యనారాయణమ్మతో మాటవరసకి అన్నట్టు అంది, ఫలానా పేరైతే ఎలా ఉంటుందని. ముసలిది పిల్లకి నలుగు పెడుతున్న చెయ్యి ఆపేసింది.

"నలుగురూ ఏమంటారో ఆలోచించుకున్నావా, మాణిక్యం?"

"ఆ పిల్ల పోయిననాడు నలుగురూ ఏమన్నారత్తా?"

సత్యనారాయణమ్మ పిల్ల ముక్కు సాగదీసి, నూనె రాసి, తన పని చూసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట ఎక్కడా పొక్కనివ్వలేదు కూడా.

అవతల అచ్చాయమ్మకి ఈసారి సంబరం పట్టనలవి కాలేదు. పిల్ల గట్టిగా ఉంది, ఏడిస్తే రేవు దాకా వినిపిస్తోంది. మా అమ్మ మళ్ళీ ఇంటికొస్తోందని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. కామరాజు చేత రాజోలు నించి వెండి మొలతాడు తెప్పించింది. పేరు మాటెత్తితే మాణిక్యం, "ఆయ్, ఆ వేళకి చెబుతానండి వదినగారూ," అని నవ్వి ఊరుకునేది.

ఇరవై ఒకటో నాడు అచ్చాయమ్మ అందరికంటే ముందొచ్చి, చాప మధ్యన కూర్చుని, ఎవరూ అడక్కుండానే చేతులు చాచింది. మాణిక్యం పిల్లని ఆ ఒళ్ళో పెట్టింది. ఒకసారి మేనత్త ఒళ్ళో పడ్డ పిల్లని పేరు పిలవకుండా కింద పెట్టకూడదు. పెడితే ఆ పిల్ల ఉసురు మేనత్తకే తగులుతుందని అందరికీ తెలుసు.

"చెప్పవే, మా అమ్మ పేరేగా," అంది అచ్చాయమ్మ, పిల్ల చెవి దగ్గరికి వంగుతూ.

"అచ్చాయమ్మ," అంది మాణిక్యం.

మరదలు తిన్నగా వదినగారినే పేరు పెట్టి పిలిచిందనుకున్నారు అందరూ. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"పిల్ల పేరండి," అంది మాణిక్యం. ఈసారి తలెత్తి, వాకిట్లో ఉన్న మగవాళ్ళకి కూడా వినపడేలా.

అచ్చాయమ్మ చుట్టూ చూసింది. తన వయసు వాళ్ళున్నారు, తను పురుళ్ళకి సాయం వెళ్ళినవాళ్ళున్నారు. ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని ఒక్కొక్కరి మొహమూ వెతికింది.

"నేనింకా బతికే ఉన్నానే," అంది చివరికి.

"ఆయ్. నా పిల్ల కూడా ఐదు నెలలు బతికే ఉందండి, వదినగారూ."

పిల్ల కాళ్ళు తన్నుకుంటోంది. కింద పెట్టడానికి లేదు. అచ్చాయమ్మ మొదటిసారి మామూలు గొంతుతోనే పిలిచింది. రెండోసారి పిల్లకి తప్ప ఎవరికీ వినపడలేదు. మూడోసారి పెదవులే కదిలేయి. సత్యనారాయణమ్మ, "అయింది, అయింది," అంటూ ఉయ్యాల ముందుకు తోసింది.

కామరాజు పడవ మీంచి పోలయ్యని దించుతాడని అందరూ అనుకున్నారు. ఆయన నెమ్మదస్తుడు, పేరుకీ గెడకీ ఏం సంబంధమని ఊరుకున్నాడు. పోలయ్యే పదిహేను రోజులు పెళ్ళాంతో మాట్లాడలేదు. గుల్ల కుప్పల దగ్గర ఆడవాళ్ళు రెండు జట్లయ్యేరు. కడుపు మండితే అలాగే ఉంటుందని ఒకళ్ళు. పచ్చి బాలెంతరాలికి అంత కక్షేమిటని ఒకళ్ళు. మాణిక్యం భయపడ్డట్టే, పడవగలవాళ్ళని భలే మంచి చేసుకుందని నవ్వినవాళ్ళూ లేకపోలేదు.

ఆ చివరి మాట ఆమె పడలేకపోయింది. అది అబద్ధమని రోజూ రుజువు చెయ్యడం మొదలెట్టింది. పొద్దు వాలేసరికి రేవు గట్టున నిలబడి, "ఒసేయ్ అచ్చాయమ్మా, ముక్కు చీదుకోవే", "అచ్చాయమ్మా, నీ మొహానికి బుద్ధుందా" అని పాలెం అదిరేలా కేకలేసేది. పక్క పాకలో ఆ పేరుకి యాభయ్యేళ్ళుగా పలికిన మనిషి ప్రతిసారీ సగం లేచి కూర్చునేది. ఇరుగుపొరుగు వాళ్ళు పిల్లని బుల్లి అనీ చిట్టి అనీ పిలవబోతే మాణిక్యం వాళ్ళ మీద విరుచుకుపడేది. పేరు పెట్టింది పిలవడానికేననేది. అలా అలా ఆ పేరు పూర్తిగా పిల్లదైపోయింది. పెద్దావిడ కామరాజు పెళ్ళాంగా మిగిలింది.

పిల్ల మాత్రం కాళ్ళొచ్చిన దగ్గర్నించీ మేనత్త పాకలోనే ఎక్కువ. ఉప్పుచేప కాల్చిపెట్టేది ఆవిడ, జడ వేసేది ఆవిడ. ఆవిడ దాన్ని "అమ్మా" అనే పిలిచేది. ఏ అమ్మని తలుచుకుని పిలిచేదో అందరికీ తెలుసు. మాణిక్యం వెళ్ళొద్దనలేదు. ఆవిడ పాకలో ఆ పేరు ఎంతసేపు తిరిగితే అంత మంచిదనుకుంది.

పిల్లకి పన్నెండో ఏడు నడుస్తుండగా అచ్చాయమ్మ పోయింది. పోలయ్య పెళ్ళాం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆ సంగతి గురించి అతను నోరెత్తడం అదే మొదలు.

"ఒక్క పూట పిల్లని పాయ అవతలికి దాటిస్తానే. మా అక్కని పేరెత్తి ఏడవనీ."

"నా పిల్ల ఎక్కడికీ పోదు."

వెళ్ళి శవం పక్కన కూర్చుంది. పిల్లని తీసుకెళ్ళి తన పక్కనే కూర్చోబెట్టుకుంది, వచ్చేవాళ్ళందరికీ కనబడేలా. పాలెం ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు వచ్చేరు. నోరు తెరిచేవారు, పిల్లని చూసేవారు, పేరు మింగేసి "ఓ తల్లీ" అనేవారు. ఏ తల్లి అయినా కావచ్చు. పోలయ్య గోడకి మొహం పెట్టుకుని, "అక్కా" అని ఒక్కసారి అని, ఇంక అనలేకపోయాడు. మాణిక్యం పొడి కళ్ళతో అంతా విన్నది. మొదటి మనిషి దగ్గర్నించి ఆఖరి మనిషి దాకా, ఒక్కరినీ వదలకుండా విన్నది.

శవాన్ని తీసుకుపోయేక, సాయంత్రం పిల్ల మేనత్త పాక అరుగు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మాణిక్యం తన గుమ్మంలోంచి పిలిచింది.

"అచ్చాయమ్మా, పొద్దుపోయింది, రావే."

"ఇవాళ నన్నా పేరుతో పిలవకే అమ్మా," అంది పిల్ల, తల తిప్పకుండా.

మాణిక్యం ఏదో ఒకటి పిలుద్దామని చూసింది. ఆ పిల్లకి వేరే పేరు ఏదీ లేదు. పన్నెండేళ్ళుగా ఎవరినీ పెట్టనిచ్చింది కాదు. చేసినదానికి ఆమె అప్పుడూ నొచ్చుకోలేదు, ఆ తరవాత బతికినన్నాళ్ళూ నొచ్చుకోలేదు. ఆ సాయంత్రం మాత్రం, పిల్ల దానంతటది లేచి వచ్చేదాకా, నోరు మెదపకుండా గుమ్మంలో నిలబడింది.