పలక పడుకునే ఇల్లు

పలుకుతల్లికి ప్రణామము. విజయ నామ సంవత్సర శ్రావణ శుద్ధ పంచమి నాడు వ్రాసినది.

నా చిన్నప్పుడు మాకు ఇంటి నంబరు లేదు. డబ్బా నంబరు ఉండేది. మా నాయన రైలు కార్ఖానాలో ఖలాసీ. ఆయన పోయిన కొన్ని నెలలకు క్వార్టరు ఖాళీ చేసి, లాలాగూడ వైపు గడ్డి మొలిచిన పట్టాల మీద విడిచిపెట్టిన ఒక పాత గూడ్సు డబ్బాలో అమ్మా నేనూ చేరాము. దాని పక్కన తెల్లరంగుతో ఐదంకెలుండేవి. ఒకటవ తరగతిలో నేర్చిన అంకెలను నేను మరచిపోకుండా కాపాడినవి అవే.

శార్వరి సంవత్సర జ్యేష్ఠ బహుళ సప్తమి నాడు అమ్మ నన్ను రెండవ తరగతిలో చేర్చడానికి మెట్టుగూడ బడికి తీసుకొనిపోయింది. గుమాస్తా దరఖాస్తు నింపుతూ ఇంటి నంబరు అడిగాడు. అమ్మ తల వంచుకొన్నది. నేను మాత్రం తెలిసిన ప్రశ్నే వచ్చిందనుకొని ఐదంకెలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను.

“గిదేం నంబర్ పోరీ?”

అది మేముండే గూడ్సు డబ్బా నంబరని అమ్మ మెల్లగా చెప్పింది. ఆయన కలం కింద పెట్టి నవ్వాడు.

“అరే, గది ఇల్లు గాదమ్మా, డబ్బా! రేపు ఇంజన్ తగిలిస్తే మీ ఇల్లు కాజీపేట పోతది. అప్పుడు నేనేడ దేవులాడాలె? ఇంటి నంబర్ లేకుంటే పేరెక్కదు.”

ఆ గదిలోనే రెండవ తరగతి టీచరమ్మ ఉన్నది. గుంటూరు వైపు నుండి వచ్చి మెట్టుగూడలో స్థిరపడిన క్రైస్తవురాలు, ఒంటరి మనిషి, హాస్యానికైనా అబద్ధమాడదని ప్రతీతి. ఆమె దరఖాస్తు తీసుకొని, ‘కేరాఫ్’ అని వ్రాసి, దాని పక్కన తన పేరూ తన ఇంటి నంబరూ వేసింది.

“టీచరమ్మా, మీరు సుత అబద్ధం రాస్తరా?” అన్నాడు గుమాస్తా.

ఆమె దరఖాస్తు ఆయన ముందుకు జరిపి, “సాయంత్రానికి నిజమవుద్ది లెండి,” అన్నది.

ఆ సాయంత్రం ఆమె నన్ను తన ఇంటికి తీసుకొనివెళ్ళి, వీధి వైపు కిటికీ గూడు కొంగుతో తుడిచింది. “ఇదిగో పాపా, రోజూ బడి వదిలాక నీ పలకా పుస్తకం ఇక్కడ పడుకోబెట్టి వెళ్ళు. పొద్దున్నే లేపుకొని బడికి రా. నేను రాసింది అబద్ధం కాకూడదు గదా!”

అమ్మకు ఈ ఏర్పాటు వింతగా తోచింది. “పలక ఆడ, పిల్ల ఈడ. మంచిగున్నది మీ సంసారం,” అనేది. అయినా వద్దనలేదు.

కార్తీక మాసంలో ఒక సాయంత్రం బడి నుండి వచ్చేసరికి డబ్బా లేదు. అది ఉన్న మేర గడ్డి పాలిపోయి ఉన్నది. మా గిన్నెలు కంకర మీద వరుసగా పెట్టి ఉన్నాయి. అమ్మ వాటి పక్కన కూర్చొని ఉన్నది. నాకు ఏడుపు రాలేదు. గుమాస్తా మాట మాత్రం జ్ఞాపకం వచ్చింది.

“కాజీపేట పోయిందా అమ్మా?”

“ఏడికి పోతే ఏందే? ఇనుముకు కోస్తరట. ఇగ బడి బంద్. రేపటిసంది నాతోని బొగ్గులేరనీకి రావాలె.”

గిన్నెలు మూటగట్టుకొని సీతాఫల్‌మండి వంతెన కిందికి చేరాము. తెల్లవారిన తరువాత అమ్మ, “పోయి పలక తెచ్చుకో. గది సుత పోతే మల్ల దొరకది,” అన్నది.

పలక తెచ్చుకోవడానికే వెళ్ళాను. టీచరమ్మ గడప దగ్గర చెప్పులు తొడుక్కొంటున్నది. డబ్బా పోయిందనీ, బడి బంద్ అనీ చెప్పాను. పాఠం అప్పజెప్పినట్లే చెప్పి ఉంటాను. ఆమె లోపలికి వెళ్ళి పలక తెచ్చి నా చేతిలో పెట్టింది.

“డబ్బా పోతే పోయింది పాపా. కాగితం మీద నువ్వు ఉండేది ఇక్కడ. నంబరు చూడు, గోడ మీదే ఉంది. గంట కొట్టేస్తారు, నడువు.”

నడిచాను. హాజరు పిలిచినప్పుడు పలికాను. దరఖాస్తులో దిద్దవలసినది ఏమీ లేకపోయింది. మధ్యాహ్నం అమ్మ నన్ను వెదుక్కొంటూ బడికి వచ్చి, తరగతి కిటికీలోనుండి చూసి, బొగ్గు తట్టతో వెనుదిరిగి పోయింది. మరునాడు ఉదయం తానే నన్ను లేపింది. “లే. నీ పలక లేసి ఉంటది,” అన్నది.

తరువాత నేను తెలుగు పండితురాలనై చాలా ఏండ్లు బడులలో పనిచేశాను. ఏ పిల్లనూ మీ ఇల్లెక్కడని నలుగురిలో అడుగలేదు. నీ పుస్తకాలు రాత్రి ఎక్కడ పడుకొంటాయి అని అడిగేదానిని. జవాబు రానివారి పుస్తకాలకు నా బీరువాలో ఒక అర ఉండేది. డబ్బా మీది ఐదంకెలు నాకిప్పుడు గుర్తు లేవు. ఆ కిటికీ గూడు లోతు మాత్రం చేతికి గుర్తున్నది.

నేను బడిలో చేరిన మరుసటి ఏడు, ప్లవ సంవత్సర చైత్ర బహుళ దశమి నాడు, మా రెండవ తరగతి ఫలితాలు చదివారు. ఉత్తీర్ణురాలనైనాను. అప్పటికీ మేము వంతెన కిందనే ఉన్నాము.