నేను పెట్టిన పేరు

మా పక్కింటి మలేరియా బాబాయిగారు పోయారు. నందిగామలో కాలేజీ అయ్యాక జగ్గయ్యపేట బస్సులో కూర్చుని ఉండగా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు నాలుగు క్లాసులు చెప్పి ఉన్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు. కిటికీకి తల ఆనించి, దిగాల్సిన స్టాపు వచ్చేదాకా అలాగే ఉండిపోయాను.

ఆయన మలేరియా విభాగంలో చిన్న ఉద్యోగి. సైకిలు మీద వీధి వీధీ తిరుగుతూ, "జ్వరం ఎవరికన్నా ఉందా అమ్మా?" అని అడిగేవారు. ఉందంటే వేలికి సూది గుచ్చి, నెత్తురు చుక్కని గాజుపలక మీద పట్టుకునేవారు. లేదంటే నీళ్ళ తొట్టిలోకి తొంగిచూసి, దోమల పురుగు కనిపిస్తే పారబోయించేవారు. రెండు రోజులకోసారి నీళ్ళొచ్చే వీధిలో తొట్టి ఖాళీ చెయ్యమంటే ఆడవాళ్ళు ఊరుకుంటారా? నానా మాటలూ అనేవాళ్ళు. ఆయన అన్నీ విని, అయ్యాక పారబోయించేవారు. వెళ్ళేముందు తలుపు పక్క గోడ మీద ఎర్ర సుద్దతో ఒక గీత గీసి, కింద తేదీ వేసేవారు.

పదో తరగతిలో స్కూలు పత్రికకి ఒక కథ రాశాను. ఊరికి అంటురోగం వస్తుంది. పెద్దవాళ్ళంతా పోతారు. సర్కారు ఊరి చుట్టూ గోడ కడుతుంది. రోగం ఉన్న ఇంటి తలుపు మీద ఒకడు ఎర్రగీత గీసి, బయట తాళం వేసి పోతాడు. వాడి పేరు గీతలోడు. ఇలాంటి ఇంగ్లీషు నవలలు ఇప్పుడు నా విద్యార్థులు బస్సులో కూడా చదువుతున్నారు. వాటిల్లో గోడ అంటే భయమనీ, ముసుగంటే నోరు నొక్కెయ్యడమనీ, తలుపు మీద గుర్తంటే మనిషిని వెలివెయ్యడమనీ వాళ్ళకి విడమర్చి చెబుతుంటాను. అప్పట్లో నాకు ప్రతీక అన్న మాటే తెలియదు. పక్కింట్లో ఒక మనిషి దొరికారు, వాడేసుకున్నాను.

అచ్చుకి ఇవ్వకముందే కథని బాబాయిగారికే చూపించాను. గర్వం మరి. ఆయన అరుగు మీద కూర్చుని, వేలు పెట్టి నెమ్మదిగా చదివారు.

"పెద్దాళ్ళందర్నీ చంపేసావేంటమ్మా? పిల్లలకి జ్వరమొస్తే తడిగుడ్డ ఎవరేస్తారు?"

"కథ కదండీ బాబాయిగారూ."

"కథేలే. బానే రాసావు. ఈ గీత ఒక్కటే..." అని కాగితాలు సర్ది నా చేతికిచ్చారు. "గీత గీసేది మళ్ళీ రావడానికమ్మా. ఎప్పుడొచ్చానో తెలిస్తేగా, మళ్ళీ ఎప్పుడు రావాలో తెలిసేది. నీవాడు గీసేసి ఇంక రాడేంటి?"

మార్చమని మాత్రం అనలేదు. నేనూ మార్చలేదు. మారిస్తే కథలో దుర్మార్గుడు ఉండడు, దుర్మార్గుడు లేకపోతే బహుమతి రాదు. బహుమతి వచ్చింది. ఆ వారమే వీధి పిల్లలు సైకిలు బెల్లు వినగానే "గీతలోడొచ్చాడ్రోయ్" అని తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి పెద్దవాళ్ళు కూడా, కాస్త మర్యాద కలిపి, గీతలాయన అనసాగారు. నేనూ అన్నాను. చదివేవారు నన్ను తిట్టుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు.

చికున్‌గున్యా వచ్చిన ఏడు మా వీధిలో లేచి తిరిగినవాళ్ళు తక్కువ. మా ఇంట్లో అందరం మంచాల మీదే. కీళ్ళు పట్టేసి మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేకపోయేదాన్ని. బాబాయిగారు అప్పటికే రిటైరయ్యారు, ఆ జ్వరం ఆయననీ వదల్లేదు. అయినా గోడ పట్టుకుని నడిచొచ్చి, పిన్నిగారు కాచిన జావ ఇచ్చి, "సాయంత్రం మళ్ళీ వస్తా" అని వెళ్ళేవారు. వచ్చేవారు. ఆ మంచం మీద పడుకునే నా కథలో తప్పేమిటో తెలుసుకున్నాను. తగ్గాక ఆయనతో చెబుదామనుకున్నాను. తగ్గాక ఉద్యోగం, బస్సులు, పేపర్లు దిద్దడం. రోజూ కనిపించే మనిషే కదా, రేపు చెప్పచ్చులే అనిపించేది. చెప్పలేదు.

పెద్దకర్మకి వీధి మొదట్లో ఫ్లెక్సీ పెడదామన్నారు. రాతకోతలు తెలిసినదాన్నని ఆ పని నాకు అప్పగించారు. ఫ్లెక్సీ అతను ఫోన్ చేసి, "పేరు చెప్పండి మేడం, పెద్దక్షరాల్లో వేస్తా" అన్నాడు. ఇన్నేళ్ళు గోడకి గోడ ఆనుకుని బతికాం. నాకు ఆయన పేరు తెలియదు. అమ్మని అడిగితే అమ్మకీ తెలియదు. ఫోన్ పట్టుకుని పిన్నిగారి దగ్గరికే వెళ్ళాను. ఆవిడ భర్త పేరు ఎన్నడూ నోటితో పలికి ఎరుగరు. అప్పుడూ పలకలేదు. ఇంతే అన్నారు.

"ఆ పేరేస్తే ఎవరికి తెలుస్తుందమ్మా? నువ్వు పెట్టిన పేరే వేయించు. అందరూ గుర్తుపడతారు."

దెప్పిపొడవడానికి కాదు, మనస్ఫూర్తిగానే అన్నారు. నా చేతిలో ఫోన్లోంచి, "మేడం, లైన్లో ఉన్నారా? చెప్పండి, రాసుకుంటున్నా" అని అతను అడుగుతూనే ఉన్నాడు.