బొప్పాయి కామెర్లు

గల్ఫ్ దారి కొత్తగా తెరుచుకున్న ఆ రోజుల్లో మా వాళ్ళకు ప్రాణం మీద కంటే వీసా మీద తీపి ఎక్కువ. కాలు విరిగినా ఓర్చుకునేవాళ్ళం గానీ, దగ్గొస్తే మాత్రం దిండులో మొహం దాచుకుని దగ్గేవాళ్ళం. ఒమాన్‌లో, డెబ్బైల నడిమి సంవత్సరాల్లో, బాతినా తీరాన ఖర్జూరపు తోటల మధ్య ఉన్న ఒక ఊళ్ళో మా కంపెనీ బడి కట్టేది. నేనక్కడ టైమ్‌కీపర్‌ని. ఎవరు ఎప్పుడు డ్యూటీకి వచ్చారో చూడటం నా పని. (మా ఊళ్ళో ఇంజనీరని చెప్పుకున్నారు. నేను కాదనలేదు.) డిగ్రీ తప్పి ఖాళీగా తిరుగుతున్నవాణ్ణి, జగిత్యాల బస్టాండులో బంతిపూల దండ మెడలో వేసుకుని, కొత్త సూట్‌కేసు పక్కన నిలబడి ఫొటో దిగి మరీ వచ్చాను. ఆ ఫొటోను మా మేనత్త చట్రం కట్టించి తన ఇంటి గోడకు తగిలించింది. నన్ను పెంచింది ఆవిడే. కొద్ది నెలలకే తిరిగి వెళ్ళానంటే, నాకంటే ముందు ఆ ఫొటో తల దించుకోవాలి.

ఆ ఊరికి కొత్తగా తారురోడ్డు పడింది. రోడ్డుతోపాటు బోర్డులొచ్చాయి. అంతకుముందు ఎవరు ఏం చేస్తారో అందరికీ తెలుసు కాబట్టి ఎవరికీ బోర్డు అవసరం లేకపోయింది. ఇప్పుడు మాలాంటి పరాయివాళ్ళు దిగేసరికి బజారంతా రంగులు పూసుకుని మాతో మాట్లాడటం మొదలుపెట్టింది. శుక్రవారం సెలవు రోజున నాకు వేరే వినోదం లేదు, బోర్డులు చూసుకుంటూ తిరిగేవాణ్ణి. టైలరు బోర్డు మీద కత్తెరా కోటూ ఉండేవి (ఆ ఎండలో కోటు తొడిగినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు). పంజాబు నుంచి వచ్చిన మంగలి బోర్డు మీద కత్తి, ఒక పన్ను, ఒక సీసా, వాటి కింద ఇద్దరు మనుషుల బొమ్మలు. ఎడమవైపు వాడు పసుపుపచ్చగా ఎండిపోయి ఉంటాడు. కుడివైపు వాడు ఎర్రగా, కండలు తిరిగి ఉంటాడు. మందు తాగకముందు, తాగిన తర్వాత అన్నమాట. ఇద్దరూ ఒకే మనిషని నమ్మడానికి మీసం తప్ప వేరే ఆధారం లేదు. ఆ బోర్డు ముందు నిలబడి ఎన్నిసార్లు నవ్వుకున్నానో. ఎడమవైపు వాడు నేనే అవుతానని అప్పుడు నాకు తెలియదు.

మా రూమ్‌లో నాతోపాటు ఉండే పెద్దమనిషిని అందరూ మేస్త్రి మామ అనేవాళ్ళు. గోడకు సున్నం వేసినా, మనిషికి వైద్యం చేసినా ఆయనది ఒకటే ధైర్యం. ఒక శుక్రవారం పొద్దున నేను చాయ్ గ్లాసు అందుకోబోతే నా చెయ్యి పట్టుకుని వెలుతుర్లోకి గుంజాడు.

"ఏందిరా అల్లుడా, అరచేతులు గిట్ల పచ్చగైనయేంది? పసుపు దంచినవా?"

"లేదు మామా."

"అయితే కామెర్లేరా. బయట ఎవ్వనికి చెప్పకు. కంపెనోడు సూసిండంటే రేపే ప్లేన్ ఎక్కిస్తడు."

మామ అంతటితో ఆగలేదు. సైట్ నుంచి సున్నం తెచ్చి, బకెట్లో కలిపి, మా ఊళ్ళలో చేసినట్టే నా చేతులు అందులో ముంచి రుద్దాడు. నీళ్ళు పసుపు రంగుకు తిరిగితే కామెర్లు ఉన్నట్టు లెక్క. తిరిగాయి. వారమంతా సైట్ మట్టిలో పొర్లిన చేతులు కడిగితే నీళ్ళు పాలలా ఉంటాయా అని ఇప్పుడు అడగాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఇద్దరం చావింట్లో కూర్చున్నట్టు ఆ బకెట్ చుట్టూ కూర్చున్నాం. "ఓసారి కళ్ళు చూడు మామా" అన్నాను ఆశ చావక. "కండ్లెందుకురా, నీళ్ళు సూసినంక!" అన్నాడు.

ఆ సాయంత్రమే, ఏ బోర్డు చూసి నవ్వానో ఆ బోర్డు కిందికే వెళ్ళి కూర్చున్నాను. పంజాబు మంగలి నా చేతులు చూసి, బోర్డు మీది ఎడమవైపు మనిషిని చూపించి, "బిల్కుల్ యహీ బీమారీ!" అన్నాడు సంతోషంగా. తన బొమ్మకు ప్రాణం వచ్చి నడిచొచ్చినంత సంబరం అతనిది. నల్లటి కషాయం సీసా ఒకటి ఇచ్చి, "తేల్ బంద్, మిర్చీ బంద్. పపీతా ఖావో, జిత్‌నా మిలే ఉత్‌నా" అన్నాడు. బొప్పాయి దొరికినంత తినమన్నాడు, దానికి మాకు కొదవ లేదు. క్యాంపు పక్క తోట యజమాని ఒమానీ పెద్దాయన, దయగల మనిషి. బొప్పాయిలు, గుమ్మడికాయలు గంపలకొద్దీ మా మెస్సుకు ఊరికే పంపేవాడు. మెస్సు వంటవాడు అప్పటికే సాంబారు నుంచి చట్నీ దాకా గుమ్మడికాయే వేస్తున్నాడు; మిగతావాళ్ళు విసుగొచ్చి వదిలేసింది కూడా నేనే తినేవాణ్ణి. ఇక నేను కారం మానేసి, నూనె మానేసి, పొద్దున బొప్పాయి, మధ్యాహ్నం ఉడికించిన గుమ్మడికాయ, రాత్రి మళ్ళీ బొప్పాయి తిన్నాను. భక్తిగా పథ్యం చేసినకొద్దీ ఇంకా పచ్చబడ్డాను. ముక్కు పక్కన కూడా పసుపు తేలింది. "ముదిరింది" అన్నాడు మామ.

ఇంతలో కంపెనీ కబురు పెట్టింది. వచ్చే వారం అందరికీ సర్కారు ఆసుపత్రిలో మెడికల్ అట. నేను బతుకు మీద ఆశ వదిలేసుకున్నాను. నా రేడియో మామ మంచం మీద పెట్టి, "నువ్వే ఉంచుకో" అన్నాను. మామ వద్దనలేదు, అది ఇంకా బాధనిపించింది. మా మేనత్తకు ఏం చెప్పాలో పైకి అనుకుంటూ తోటల వెంట తిరిగాను. ఇంజనీర్ల పని అయిపోయిందని చెప్పనా? ఎండ పడలేదని చెప్పనా? ఏది అనుకున్నా గోడ మీది దండ ఫొటో నమ్మలేదు.

చివరి ప్రయత్నంగా మామ నన్ను బజారు చివర కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఖర్జూరపు గెలలు కోసే కొడవళ్ళు చేసే ముసలాయన. వాతలు పెట్టడంలోనూ పెద్ద పేరు. ఆయనకు బోర్డు లేదు. కొట్టు ముందు కూర్చుని కాఫీ తాగే ముసలివాళ్ళే ఆయన బోర్డు. నన్ను చూడగానే ఒకాయన మడమ, ఒకాయన పొట్ట చూపించి, తమ తమ మచ్చల గురించి మురిపెంగా చెప్పుకున్నారు. కమ్మరి బొంబాయి హిందీలో ఎక్కడ పెట్టాలని అడిగాడు. మామ నా ఎడమ మణికట్టు చూపించి, "మా దిక్కు గీడ పెడ్తరు" అన్నాడు. కమ్మరి ఆశ్చర్యంగా, "హమారా భీ ఇధర్!" అన్నాడు. రెండు దేశాలు ఇంత తేలిగ్గా ఒక మాట మీదికి రావడం నేను మళ్ళీ చూడలేదు (ఆ తర్వాత పత్రికలో చేరి జీవితమంతా వార్తలే రాశాను). ఆ ఆనందంలో మణికట్టు ఎవరిదన్నది ఇద్దరూ మరిచిపోయారు. ఎర్రగా కాలిన చువ్వ వచ్చింది. నేను పెట్టిన కేకకు ఖర్జూరపు చెట్ల మీది పిట్టలు లేచిపోయాయని మామ తర్వాత చాలామందికి చెప్పాడు.

మెడికల్ రోజున ఆసుపత్రిలో మా వరసను చూస్తున్నది గోదావరి జిల్లా నుంచి వచ్చిన నర్సు. మెడలో చిన్న సిలువ, మాటలో చనువు, క్యాంపంతటికీ ఆవిడ సిస్టరమ్మ. నేను కట్టు కట్టిన చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఏడుపుమొహంతో ముందుకెళ్ళాను.

"చెయ్యి దాస్తావేంటి తమ్ముడూ? ఏమైంది?"

"కామెర్లు సిస్టరమ్మా. దాచలేను. పంపించేయండి."

ఆవిడ నా కనురెప్ప కిందికి లాగి చూసింది. రెండో కన్ను కూడా చూసింది. "మల్లెపూవుల్లా ఉన్నాయి కదయ్యా కళ్ళు! కామెర్లయితే ముందు పచ్చబడేవి అవే. ఏం తింటున్నావు నువ్వు?"

చెప్పాను. బొప్పాయి దగ్గర ఆవిడ పెదవి కదిలింది. గుమ్మడికాయ దగ్గర కుర్చీలో కూలబడింది. నవ్వు ఆగక కళ్ళు తుడుచుకుంటూ, "ఆ రంగంతా నువ్వు తిన్నదే తమ్ముడూ! మానెయ్, దానంతటదే పోద్ది. జబ్బు లేదు గానీ ఈ కాలిన పుండేంటి నాయనా, దీనికి మందెయ్యాలి" అంది. పుండు మానడానికి చాలా రోజులు పట్టింది. బొప్పాయి మానేసిన కొద్ది వారాలకు పసుపు దిగిపోయింది. మామ మాత్రం, "సూసినవా సురుక మహిమ!" అని క్యాంపంతా చాటింపు వేశాడు. ఆ తర్వాత బజారుకు వెళితే కమ్మరి నన్ను పిలిచి, కాఫీ పోసి, ముసలివాళ్ళ పక్కన కూర్చోబెట్టేవాడు. ఎవరైనా కొత్తవాడు సందేహిస్తే నా మణికట్టు ఎత్తి చూపించేవాడు. బోర్డులు చూసి నవ్వుకున్న మనిషిని, ఆ బజారులో నేనూ ఒక బోర్డునయ్యాను.

ఇక్కడితో ముగిస్తే బాగానే ఉంటుంది. కానీ ఆ మరుసటి వేసవిలో మా మేనత్త పోయిందని తెలిసింది. సెలవు అడిగాను. టైమ్‌కీపర్ లేకపోతే సైట్ నడవదన్నారు. ఎంత బతిమాలినా అదే మాట. నేను రూమ్‌కి వచ్చి, మెస్సులో ఉన్న బొప్పాయి తెచ్చుకుని కోసుకున్నాను. మర్నాడూ అదే పని. మామ అది చూశాడు. తర్వాత తనే తోటకు వెళ్ళి, ఒక గంప తెచ్చి నా మంచం పక్కన పెట్టాడు. మళ్ళీ పచ్చబడ్డాక ఆసుపత్రికి వెళ్ళి, "కామెర్లు సిస్టరమ్మా, పంపించేయండి" అన్నాను. ఆవిడ నా కనురెప్ప కిందికి లాగి చూసింది. ఈసారి నవ్వలేదు. "మల్లెపూవుల్లా ఉన్నాయి తమ్ముడూ" అంది మెల్లగా, నా చెయ్యి వదలకుండా.

ఇప్పుడు నాకు వయసు మీద పడింది. డాక్టరు చెప్పాడని మా ఇంట్లో రోజూ పొద్దున బొప్పాయి ముక్కలు పళ్ళెంలో పెట్టి ఇస్తారు. ఒకటి నోట్లో వేసుకునే ముందు నాకు తెలియకుండానే అరచేతులు కిటికీ వైపు తిప్పి చూసుకుంటాను. "ఏం చూసుకుంటారు రోజూ, చేతుల్లో ఏముందని?" అంటుంది మా ఆవిడ. దండ వేసుకుని నిలబడ్డ ఆ బక్క ఇంజనీరును తలుచుకుని నవ్వి, ముక్క తీసుకుంటాను.