రాణి ఆటకు మేము పట్టుకెళ్ళిన శాలువా

ఉయ్యూరు నుంచి బెజవాడ వెళ్ళడాన్ని యాత్ర అంటే మా ఊళ్ళో నవ్వుతారు. బస్సెక్కితే గంట, చెరుకు ట్రాక్టర్లు అడ్డం పడితే ఇంకాస్త. టీచరుగా పనిచేసినన్నాళ్ళూ మీటింగులకీ, ఆ తర్వాత కంటి డాక్టరు దగ్గరికీ ఆ దారిన ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. అయినా పోయిన శనివారం చేసిన ప్రయాణం గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. మా రాణి ఆట చూడ్డానికి వెళ్ళాం.

రాణి మా చెల్లెలు సువార్త కూతురు. ఫుట్‌బాల్ ఆడడమే దాని ఉద్యోగం. ఈ మాట చెప్పగానే "అంటే స్కూల్లో పీఈటీ అండీ?" అని అడుగుతారు. కాదు. క్లబ్బులవాళ్ళు జీతమిచ్చి ఆడించుకుంటారు. ఒక ఏడాది ఒడిశా, ఒక ఏడాది గోవా, ఆ తర్వాత కేరళ, ఇప్పుడు బెంగళూరు. ఏటికేడు కొత్త ఒప్పందం, కొత్త హాస్టలు, కొత్త భాష. ఇన్నేళ్ళలో మాలో ఎవరమూ దాని ఆట కళ్ళారా చూడలేదు. ఫోన్లో చూసేవాళ్ళం. సరిగ్గా బంతి దాని కాలి దగ్గరికి వచ్చేసరికి బొమ్మ ఆగిపోయేది.

దాని జట్టు ఆడే మ్యాచ్ ఒకటి ఈసారి బెజవాడలో పెట్టారు. వారం ముందే రాణి ఫోన్ చేసింది. "పెద్దమ్మా, మీరెవరూ రావొద్దు. నన్ను దింపుతారో లేదో నాకే తెలీదు. ఈ ఏడాదంతా బెంచీ మీదే ఎక్కువ కూర్చున్నా" అంది. మేము మొహమాటపడుతోందనుకున్నాం. మా వైపు ఎవరైనా భోజనానికి రమ్మంటే "ఎందుకండీ మీకు శ్రమ" అంటూనే చెప్పులు విడిచి లోపలికి వెళ్తాం. వద్దు అనే మాటని వద్దు అని వినడం మాకు అలవాటు లేదు.

అలా మా చర్చిలో స్త్రీల సమాజం మొత్తం బయలుదేరింది. పెద్దదిక్కుగా సంఘపెద్ద యోహాను గారు వచ్చారు. చక్కెర ఫ్యాక్టరీలో రిటైరయిన మనిషి, ఎక్కడికి వెళ్ళినా నలుగురినీ కూడగట్టి నడిపించడం ఆయనకి సరదా. పొద్దున తొమ్మిదింటికి బస్టాండులో కలుసుకున్నాం. ఆడవాళ్ళం ఆధార్ కార్డులు చూపించి సున్నా టికెట్లు తీసుకున్నాం. డబ్బులిచ్చి టికెట్ కొన్నది యోహాను గారొక్కరే. "ఈ బస్సుకి పోషకుణ్ణి నేనేనండీ" అని ఆయనే నవ్వించారు. మీరు ఈ దారిన వెళ్ళేట్టయితే ఎడమా కుడీ చూసుకోకుండా ముందు సీటు పట్టుకోండి. ఫ్యాక్టరీలో చెరుకు ఆడే క్రషింగ్ సీజన్లో వెనక సీట్లకి బెల్లపు వాసనా, దుమ్మూ కలిసి తగులుతాయి.

కంకిపాడులో ఒకావిడ బంతిపూల బుట్టతో ఎక్కి నా పక్కన కూర్చుంది. ఇంతమంది ఎక్కడికని అడిగింది. చెప్పాను.

"ఆడపిల్లల ఫుట్‌బాలా? ఎవరు చూస్తారమ్మా?" అంది.

"మేం చూస్తాం" అన్నాను.

"మీ అమ్మాయి కాబట్టి చూస్తారు. మిగతా ఇరవై మంది అమ్మాయిల్నీ ఎవరు చూస్తారు?" అని, జవాబు కోసం ఆగకుండా బుట్ట సర్దుకుని కునుకు తీసింది. బయట మినుము చేలు పచ్చగా ఉన్నాయి. సువార్త కిటికీ పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. రాణికి ఇష్టమని కోడిపలావు చేసి తెచ్చింది. దారంతా దాని మూత పట్టుకునే కూర్చుంది.

రాణి సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. పదిహేనేళ్ళప్పుడు జిల్లా జట్టు ఎంపికలో దాని పేరు రాలేదు. దానికన్నా ఆట రాని పిల్ల కోసం ఎవరో పెద్దాయన ఫోన్ చేసి చెప్పారని తర్వాత తెలిసింది. అప్పటికి రాణి నాన్న బతికే ఉన్నాడు. "మనకీ తెలిసినవాళ్ళున్నారు, రేపే చెప్పిస్తాను" అని చొక్కా వేసుకున్నాడు. రాణి గుమ్మానికి అడ్డం నిలబడింది. "వద్దు నాన్నా. నా ఆట చూసి తీసుకుంటే తీసుకోనీ. లేకపోతే మానేస్తా" అంది. మరుసటేడు తీసుకున్నారు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా ఎవరి మాట సాయమూ లేకుండా వెళ్ళింది. ఒకసారి నాతో అంది కూడా, "నాకు పెద్ద పేరు రాలేదు పెద్దమ్మా. కానీ ఆడిన ప్రతి నిమిషం నాదే" అని. క్లాసులో పిల్లలకి ఈ కథ ఎన్నోసార్లు చెప్పాను. అంత బాగా తెలిసిన కథ సమయానికి నాకు గుర్తు రాకపోవడమే నా బాధ.

పదకొండింటికల్లా గవర్నర్‌పేటలో దిగాం. మ్యాచ్ నాలుగింటికి. యోహాను గారు ఒక షీల్డుల దుకాణం ముందు ఆగిపోయారు. "కోచ్ గారు మన ఊరు వచ్చారు. ఉత్తి చేతుల్తో పలకరిస్తే ఏం బాగుంటుందండీ టీచరుగారూ?" అన్నారు. అందరికీ సబబుగానే తోచింది. మెరూన్ రంగు శాలువా, ఒక గంధపు దండ తీసుకున్నాం. దుకాణదారు "ఏ పార్టీ అండీ?" అని అడిగాడు. ఫుట్‌బాల్ అంటే నమ్మలేదు. పక్క సందులో భోజనం చేశాం. పప్పు, దోసకాయ పచ్చడి, గడ్డపెరుగు. చర్చికి కట్టుకునే ఆదివారం బట్టల్లో ఉన్న మమ్మల్ని చూసి సర్వరు పెళ్ళివారనుకుని రెండోసారి నెయ్యి వేశాడు.

మూడున్నరకి ఆటోల్లో స్టేడియం చేరాం. లోపలికి ఊరికే వదిలారు. పడమటి వైపు మెట్ల మీద కూర్చుంటే సాయంత్రం ఎండ వీపుకి తగులుతుంది, కళ్ళలో పడదు. జనం పల్చగా ఉన్నారు. బంతిపూలావిడ మాట గుర్తొచ్చింది.

జట్లు వచ్చాయి. రాణి అందరితో పాటు రాలేదు. మైదానం అంచు గీత అవతల బెంచీ మీద, జెర్సీ పైన పసుపుపచ్చ బనీనొకటి తొడుక్కుని కూర్చుంది. మమ్మల్ని చూసి చెయ్యి కాస్త ఎత్తి దించేసింది. సువార్త లేచి నిలబడి డబ్బా చూపించింది. నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

హాఫ్‌టైంకి రాణి వాళ్ళు ఒక గోలు వెనకబడ్డారు. రెండో సగం మొదలైంది. రాణి ఇంకా బెంచీ మీదే ఉంది. మా ఆడవాళ్ళు మెల్లగా ప్రార్థనలు మొదలుపెట్టారు. కాసేపటికి రాణి లేచి, గీత పక్కన అటూ ఇటూ పరిగెత్తడం మొదలుపెట్టింది. మోకాళ్ళు ఎత్తుతోంది, వంగుతోంది, మళ్ళీ పరిగెడుతోంది.

"చూశారా టీచరుగారూ, పిల్లని ఊరికే పరిగెత్తిస్తున్నారు గానీ ఆడనివ్వట్లేదు" అన్నారు యోహాను గారు. "మనమొచ్చామని కోచ్ గారికి తెలీదు. తెలిస్తే అలా చేస్తారా? పదండి, ఒక మాట చెబుదాం. ఇంగ్లీషు మీకొచ్చు కదా."

దింపబోయే ముందు అలా ఒళ్ళు వేడెక్కిస్తారని మాలో ఒక్కరికీ తెలియదు. ఫుట్‌బాల్ గురించి మాకు తెలిసిందల్లా రాణి ఆడుతుందన్నదే.

నేను వద్దనాల్సింది. సువార్త నా వైపు చూసింది. "వెళ్ళక్కా, దాని మొహం చూడు" అంది. లేచాను. మెట్ల కింద గేటు దగ్గర కానిస్టేబులు నా పాత విద్యార్థి. "నమస్కారం టీచరుగారూ" అని గొలుసు తీశాడు. మేము గడ్డి మీదుగా నడిచి వెళ్ళి, ఆట సాగుతుండగానే, కోచ్ భుజాల మీద శాలువా కప్పాం. యోహాను గారు దండ వేశారు. కోచ్ కేరళ మనిషి, నడివయసు ఉంటుంది. ఒక చేత్తో ఆటగత్తెలకి ఏదో సైగ చేస్తూనే రెండో చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచాడు. యోహాను గారు చెప్పమన్నది నేను చెప్పాను. ఈ అమ్మాయి మా అమ్మాయండీ, ఊరంతా చూడ్డానికి వచ్చింది, దయచేసి కొంచెంసేపు ఆడనివ్వండి అన్నాను. ఒక అధికారి పరిగెత్తుకొచ్చి మమ్మల్ని వెనక్కి తోశాడు.

వెనక్కి తిరిగేసరికి రాణి నాకు రెండు గజాల దూరంలో ఉంది. పరుగు ఆపేసింది. అంతా వింది. బెంచీ మీద పిల్లలు నోళ్ళకి చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఒకమ్మాయి చప్పట్లు కొట్టింది. రాణి వాళ్ళ వైపు చూడలేదు. నన్నే చూసింది. అలా అది నన్ను ఎన్నడూ చూడలేదు.

ఐదు నిమిషాలకి రాణిని దింపారు.

మా మెట్ల మీద "హల్లెలూయా" అని కేకలు వినిపించాయి. యోహాను గారు నా వైపు చూసి తల ఊపారు. రాణి బాగా ఆడింది. నాకు ఆట తెలియకపోయినా ఆ సంగతి తెలిసింది. బంతి వచ్చేలోపే అది ఎటు పంపాలో చూసుకునేది. ఒకసారి నలుగురి మధ్య నుంచి బంతిని గోలు ముందుకి అంత చక్కగా తోసింది, అక్కడున్న వాళ్ళ జట్టు పిల్లే దాన్ని ఆకాశంలోకి కొట్టింది. గోలు కాలేదు. మ్యాచ్ ఓడిపోయారు.

ఆరింటికి గేటు దగ్గరికి వచ్చింది రాణి, తల తడిగా ఉంది. సువార్త డబ్బా ఇచ్చింది. మా ఆడవాళ్ళు ఫోటోలు దిగారు. అందరితోనూ నవ్వుతూ మాట్లాడింది. జనం పల్చబడ్డాక నా దగ్గరికొచ్చింది.

"పెద్దమ్మా, వచ్చే ఏడాదికి నన్ను ఉంచుకోవట్లేదు. ఆ సంగతి నెల కిందే చెప్పారు. ఈ సీజన్లో ఇదే ఆఖరి మ్యాచ్. అందుకే రావొద్దన్నా" అంది.

నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"ఇన్నేళ్ళు ఎవరి సిఫార్సుతోనూ దిగలేదు పెద్దమ్మా. ఇవాళ దిగాను."

గొంతు పెంచలేదు. చెయ్యి మెల్లగా విడిపించుకుని జట్టు బస్సు వైపు వెళ్ళింది. నన్ను తిట్టినా బాగుండేది.

బస్సు దగ్గర కోచ్ కనిపించాడు. శాలువా మడిచి చేతి మీద వేసుకున్నాడు. నేను మొహమాటం వదిలేసి అడిగాను. మేము రాకపోయినా రాణిని దింపేవారా అని. ఆయన నవ్వాడు. "పొద్దున్నే అనుకున్నానండీ. సొంత ఊరు కదా. డెబ్భయ్యో నిమిషానికి ఆ అమ్మాయే అని రాసుకున్నాను కూడా. మీరు నాకు శాలువా ఇవ్వడం నా అదృష్టం" అన్నాడు. ఆయనకి దణ్ణం పెట్టి ఆటో కోసం దాదాపు పరిగెత్తాను.

ఏడింటి బస్సు దొరికింది. పొద్దుటి జనమే, పొద్దుటి మాటలు లేవు. సువార్తకి విషయం చెప్పాను. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కిటికీకి ఆనుకుంది. బెంజి సర్కిల్ దాటాక రాణికి ఫోన్ చేసి కోచ్ అన్నది అక్షరం పొల్లుపోకుండా చెప్పాను.

"నువ్వెళ్ళి అడిగితే ఆయన ఇంకేమంటాడు పెద్దమ్మా? మర్యాదస్తుడు" అంది. "అమ్మకి చెప్పు, పలావు తిన్నానని."

పెనమలూరు దగ్గర యోహాను గారు ముందు సీటులోంచి వెనక్కి తిరిగారు. మొహం వెలిగిపోతోంది. "రేపు ఆరాధనలో నేనే చెబుతానండీ టీచరుగారూ. మనం వెళ్ళి అడగబట్టే మన పిల్ల ఆడిందని. సంఘమంటే అలా ఉండాలి" అన్నారు.

"లేదండీ, ఆయన పొద్దున్నే అనుకున్నారట. మనం అడగకపోయినా దింపేవారట" అన్నాను. నా గొంతు కొంచెం గట్టిగానే లేచింది. రెండు మూడు సీట్ల వాళ్ళు తిరిగి చూశారు.

యోహాను గారు ఎంతో మంచిగా నవ్వారు. "ఆయన మర్యాదస్తుడండీ. అలాగే అంటారు మరి."

మా ఊళ్ళో ఇక ఈ కథ ఆయన చెప్పినట్టే నిలిచిపోతుంది. కోచ్ నిజమే చెప్పాడని నాకు నేను చెప్పుకుంటూ కూర్చున్నాను. ఉయ్యూరు వచ్చేదాకా చెప్పుకున్నాను. నాకూ నమ్మకం కుదరలేదు.