కొత్తగూడ చౌరస్తాలో నేను పాడిన పాట

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకున్నప్పటి నుంచి మా ఆఫీసు క్యాబులో తెలుగు పాటలు బంద్. ఏది పెట్టినా ఎవరో ఒకరు మూతి ముడుస్తున్నారని డ్రైవర్ యాదగిరి పాత హిందీ పాటలకు మారిపోయాడు.

ఈ సాయంత్రం క్యాబులో నేనొక్కదాన్నే ఉన్నాను. కొత్తగూడ చౌరస్తాలో ఉద్యమకారులు బండ్లు ఆపుతున్నారు.

"మేడం, మాట్లాడకుండ్రి. మీ గుంటూరు మాట ఇంటే లొల్లి అయితది. పాటతోని పాడుండ్రి," అంటూ యాదగిరి సౌండు పెంచాడు.

ఆ హిందీ పాటతో గొంతు కలిపాను. జెండా పట్టుకుని కిటికీలోకి వంగిన పెద్దాయన చరణం తనే అందుకున్నాడు. నాకంటే ఎంతో బాగా పాడాడు.

"మా నాయినకు పానం ఈ పాటంటే. మంచిగ పాడినవ్ చెల్లె, పో," అన్నాడు.

"థాంక్సండీ" అని నోటిదాకా వచ్చింది. మింగేసి "శుక్రియా" అన్నాను.

పదేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను. నా మాట వింటే ఆయన ఏమనేవాడో తెలియదు. చెల్లె అని పిలిచిన మనిషికి ఆ ఒక్క అవకాశమూ ఇవ్వలేదు.

మీరైతే "థాంక్సండీ" అనేవారా? నిజం చెప్పండి.