దస్తీ వేసిన సీటు

ఆ రోజుల్లో అంటే ఎడ్లబండ్ల కాలం అనుకునేరు, అంత వెనక్కి పోవద్దు. నా మోకాళ్ళు నా మాట వినే రోజులు, అంతే. అరవై దాటిన కొత్తల సంగతి. అప్పుడే ముసలిదాన్ని అయిపోయిన అని అద్దం ముందు నిలబడి మూతి ముడుచుకునేదాన్ని. ఇప్పుడు చూసుకుంటే అదే నా పడుచుతనం. పొద్దున్నే తార్నాకల ఇల్లు దాటి యూనివర్సిటీ లోపల చెట్ల కింద పెద్ద చుట్టు వేసి, మళ్ళ లాలాపేట్ దాకా పోయి వంకాయలు తెచ్చేదాన్ని (తార్నాకల వంకాయకు రోడ్డు సోకు కూడా కలిపి అమ్ముతరు). ఇప్పుడు గేటు దాకా పోయి పాల ప్యాకెట్ తెచ్చుకుంటే ఇంట్లో చప్పట్లు కొడుతున్నరు.

నా చదువు మూడో తరగతి. నా ఉద్యోగం యూనివర్సిటీ హాస్టల్ మెస్సుల. ఉల్లిగడ్డలు కోసేకాడ చేరి, స్టోర్ రూం తాళాలు నడుముకు కట్టుకునేకాడికి పోయిన. పిల్లలు నన్ను 'తాళాలమ్మ' అనేటోళ్ళు. పప్పు గరిటె ఎవరికి ఎక్కువ పడ్డా నా కన్ను పడేది. మా సొంత ఊరు మాత్రం కొల్లాపూర్ అవతల, కృష్ణ ఒడ్డున ఉండె. ఉండె అనే అనాలె, ఉన్నది అనరాదు. డ్యాం కట్టినంక నీళ్ళు వెనక్కి తన్నుకొచ్చి ఊరు మునిగింది. సామాను మూటగట్టుకొని పట్నం వచ్చినోళ్ళం, మళ్ళ అటు మొఖం పెట్టలే. 'మునిగిన ఊరికి బస్సు టికెట్ ఎందుకు దండగ' అనేదాన్ని అందరితోని. అట్ల అంటే ఎవరూ ఇంకో మాట అడగరు గద.

అప్పుడు మా మనవరాలు నా దగ్గరనే ఉండి క్యాంపస్‌ల చదువుకుంటుండె. ఒక సాయంత్రం ఫోను నా ముక్కు కింద పెట్టింది. ఒకరోజు టూరు అట. చిన్న గ్రూపే, ఒక్క వ్యానుకు సరిపోయే మంది. చీకటితోని బయలుదేరి నల్లమల కొండలు చూసి, కృష్ణ నీళ్ళల్ల దీవికి బోటుల పోయి, రాత్రికి ఇంటికొచ్చుడు. తనకూ తన దోస్తుకూ టికెట్లు తీసుకున్నది. మా పక్క పోర్షన్‌ల ఉండే కడప చెల్లె కూడా 'నాకూ ఒకటి తియ్యి పాపా' అని తీయించుకున్నది. తీరా చూస్తే దోస్తుకు జ్వరం.

"టికెట్ వాపస్ తీసుకోరట నానమ్మా. పోతే పోయింది" అని మనవరాలు భుజాలు ఎగరేసింది.

పోతే పోయింది అనే మాట మా ఇంట్లో చెల్లదు. తిట్టుదామని నోరు తెరిచిన. అప్పుడే ఫోన్‌ల ఆ దీవి బొమ్మ కనబడ్డది. నీళ్ళ నడుమ, పండుకున్న బర్రె లెక్క, ఒక పెద్ద గూని, ఒక చిన్న గూని. నోరు మూసుకున్న. అది దీవి కాదు. మా ఊరి బర్రెగుట్ట. నా చిన్నప్పుడు మేకలు కాసిన గుట్ట. ఊరంతా మునిగినా అది మాత్రం మెడ బయటపెట్టుకొని ఇన్నేండ్లు అట్లనే పండుకొని ఉన్నదన్నమాట.

"టికెట్ దండగ కావద్దు. నేనొస్త" అన్న, గట్టిగ. ఇంకేం చెప్పలే. చెప్తే ఏడుపొస్తదని కాదు. చెప్తే మనవరాలు వీడియో తీసి పదిమందికి పంపుతదని. అయితే లోపల మాత్రం ఒట్టు పెట్టుకున్న. ఆ గుట్ట మీద కాలు పెట్టకుండా వాపస్ వచ్చేది లేదు.

ఇప్పుడు దస్తీ సంగతి, అదే చేతిరుమాలు సంగతి, చెప్పాలె. జన్మంతా ఆర్టీసీ బస్సులల్ల తిరిగినదాన్ని. బస్సు ఇంకా ఆగకముందే కిటికీల నుంచి సీటు మీద దస్తీ వేసినమా, ఆ సీటు మనది. తర్వాత నిదానంగ ఎక్కొచ్చు. దస్తీ తీసి కూసున్నోడు మనిషి కాదు. ఇది ఏ గోడ మీదా రాసి ఉండదు గని, లోకమంతా ఒప్పుకున్న చట్టం. తార్నాక చౌరస్తాల టూరు వ్యాను వచ్చి ఆగంగనే నేను అలవాటు ప్రకారం ముందు కిటికీల నుంచి దస్తీ విసిరిన. తెల్ల దస్తీ, అంచుకు నీలం గీత, కొత్తది.

గైడు ఆడపిల్ల. టోపీ, మెడల విజిలు. "ఆంటీ, ఇక్కడ సీట్లన్నీ నెంబర్ల ప్రకారం ఉంటాయండీ. మీది వెనకాల" అన్నది నవ్వుకుంట.

"నెంబర్లు నాకు తెల్వదు బిడ్డా. దస్తీ తెలుసు."

ఆ సీటు నెంబరు గల పిలగాడు చెవులల్ల వైర్లు పెట్టుకొని వచ్చి, దస్తీని రెండు వేళ్ళతోని పక్కకు పెట్టి కూసున్నడు. నేను పక్కన నిలబడి చూసిన, మెస్సుల రెండోసారి పెరుగు అడిగినోన్ని చూసినట్టు. ఉప్పల్ దాటకముందే లేచి వెనక్కి పోయిండు పాపం.

"ఏమక్కా, ఆ పిల్లోణ్ణి చూపుతోనే ఏపుకొని తిన్న్యావే!" అన్నది కడప చెల్లె. మనవరాలు నన్ను ఎరగనట్టు బయటికి చూస్తుండె.

దారంతా గైడు పిల్ల మస్తు సంగతులు చెప్పింది. కొండలు, అడవి, పులులు. అందరూ ఫోటోలు తీస్తుండ్రు. నేను మాత్రం నల్లమల కనబడ్డకాడి నుంచి నీళ్ళ కోసం చూస్తున్న. ఒడ్డుకు చేరినంక చూస్తే నీళ్ళు సముద్రమంత, ఆ నడుమ మా బర్రె. ఫోన్‌ల కంటే పెద్దగ, నేను అనుకున్నదాని కంటే చిన్నగ. కొంగు నడుముకు దోపుకొని బోటు కాడికి నడిచిన.

బోటు చిన్నది, పైన గుడ్డ పందిరి. దిగి ఎక్కుతుంటే జనం తోసుకుంటున్నరు. నాకు ముందు సీటు కావాలె, గుట్ట ఎదురుగ కనబడాలె. ఒడ్డు మీది నుంచే దస్తీ విసిరిన. గురి తప్పలే, ముందు బల్ల మీదనే పడ్డది. "చెల్లె, జర చూస్తుండు" అని చెప్పి వ్యాను కాడికి ఉరికిన. సద్ది డబ్బా అండ్లనే మరిచిన. సర్వపిండి, పులిహోర కట్టుకొచ్చిన. డ్రైవర్ మంచోడే గని, ఒంటరిగ ఉన్న సర్వపిండి ముందు ఎంత మంచోడైనా ఎంతసేపు మంచోడు?

డబ్బా పట్టుకొని తిరిగొచ్చేసరికి బోటు కదిలింది.

ఆ బోటుల ఏమైందో తర్వాత తెలిసింది. గైడు పిల్ల మంది లెక్క పెట్టుకుంట ముందు బల్ల కాడికి వచ్చింది. దస్తీ కనబడ్డది. ఆ పిల్ల కూడా ఆర్టీసీ బస్సులల్ల పోయి చదువుకున్న పిల్లనే గద, దస్తీ ఉన్నదంటే మనిషి ఉన్నట్టే అని లెక్కల కలిపేసింది. కడప చెల్లె తల ఊపింది. సీటు కాపాడమన్న గని, నేను ఎక్కిన్నో లేదో చూడుమని చెప్పలే గద! మనవరాలు వెనక కొసన వీడియో తీసుకుంట, నేను ముందు కూసున్న అనుకున్నది. మోటరు చప్పుడుల నా కేక ఎవరికి వినబడ్తది? నా దస్తీ ముందు సీట్ల దర్జాగ కూసొని, చల్లగాలి తినుకుంట మా ఊరి గుట్టకు పోయింది. నేను సద్ది డబ్బాతోని ఒడ్డున నిలబడ్డ.

కొంతసేపటికి ఫోను మోగింది. మనవరాలు ఏడుపు గొంతుతోని, "నానమ్మా! ఎక్కడున్నవ్? దస్తీ ఉన్నది, నువ్వు లేవు!"

"ఒడ్డు మీద ఉన్న. బోటు వాపస్ పంపు."

"బోటాయన వేరే గ్రూపును తీసుకొస్తడట, ఇంకో దీవి కాడికి పోయిండు. గంట పడ్తదట. గైడు మేడం నిన్ను వ్యాన్ల ఏసీ వేసుకొని కూసోమంటున్నది. మేం అన్నీ ఫోటోలు తీసుకొస్తం నానమ్మా, నువ్వేం పరేషాన్ కాకు."

ఫోటోలు! నలభై ఏండ్లు నేనా గుట్టను ఫోటో లేకుండనే మనసుల చూసుకుంట బతికిన. ఫోన్ పెట్టేసిన. ఏసీల కూసునేదానికి ఇంత దూరం ఎందుకు, తార్నాక బ్యాంకులకు పోతే సరిపోతుండె.

పక్కన చేపల వల ఆరేసుకుంట ఒక పెద్దాయన ఉన్నడు. ఒడ్డున పుట్టి బోర్లేసి ఉన్నది. తట్ట లెక్క గుండ్రంగ ఉండే తోలు పడవ.

"అన్నా, నన్ను ఆ గుట్ట కాడికి తీస్కపోతవా?"

"మనుషులను ఎక్కియ్యం అవ్వా. చేపలకే."

"అయితే నన్ను చేపనే అనుకో. అవ్వ అంటున్నవేంది, నీ కంటే చిన్నదాన్నే ఉంట."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి కిరాయి చెప్పిండు. నేను సగం అన్న. ఆయన వల మళ్ళ చేతిలకు తీసుకున్నడు. అప్పుడు, బేరం కోసం (బేరం కోసమే, ఇంకేం లేదు), ఎనిమిదేండ్ల పోరి నుంచి పెండ్లయ్యేదాకా ఆ గుట్ట మీద మేకలు కాసిన, ఆ గుట్ట కింద ఊరు మాదే అని చెప్పిన. ఇంట్ల ఎవరికీ చెప్పని మాట, సగం కిరాయి కోసం ముక్కు మొఖం తెలియనాయనకు చెప్పిన.

ఆయన వల కింద పెట్టిండు. "మునిగినోళ్ళవా? మాది పక్క ఊరే చెల్లె. మునిగినోళ్ళ తాన పైసలేం తీస్కుంట. ఎక్కు."

బేరం గెలిచినా నాకు నచ్చలే. ఊకెనే ఎక్కుడు నాకు పడదు. డబ్బా తీసి రెండు సర్వపిండ్లు ఆయన చేతిల పెట్టి, అప్పుడు ఎక్కిన.

పుట్టి ముందుకు పోదు, తిరుగుకుంట పోతది. బర్రెగుట్ట, నల్లమల, మా వ్యాను; మళ్ళ బర్రెగుట్ట, నల్లమల, మా వ్యాను. నేను డబ్బాను కడుపుకు అదుముకొని దేవుళ్ళందరినీ తలుచుకుంటున్న. నడుమకు వచ్చినంక ఆయన తెడ్డు ఆపి, నీళ్ళ దిక్కు చూపిచ్చి, "గీడనే ఉండె మీ ఊరు" అన్నడు మెల్లగ. నేను వంగి చూసిన. పచ్చటి నీళ్ళు, లోపల ఏం కనబడలే. మా ఇల్లు, బాయి, నేను మూడో తరగతి చదివిన బడి, అన్నీ నా కాళ్ళ కిందనే.

"చేపలు ఉంటున్నయా మా ఇండ్లల్ల?" అని అడిగిన.

"ఎందుకుండయి. మంచి పెద్ద చేపలు."

"ఇన్నేండ్ల కిరాయి బాకీ" అన్న. ఇద్దరం నవ్వినం. నవ్వుకుంట నవ్వుకుంట నేను కొంగుతోని మొఖం తుడుచుకున్న. పుట్టిల నీళ్ళు చిమ్ముతయి గద, అందుకే.

దీవి ఒడ్డున గైడు పిల్ల తెల్లబోయి నిలబడ్డది. "లైఫ్ జాకెట్ లేకుండా ఇట్లా వచ్చారేంటి ఆంటీ! ఏమైనా అయితే నేనేం చెప్పాలి?" అని దాదాపు ఏడ్చినంత పనిచేసింది. నిజానికి తప్పు నాదే, అయినా నేను తిట్లు పడేదాన్ని కాదు గనుక డబ్బా తెరిచి ఆ పిల్ల నోట్ల సర్వపిండి పెట్టిన. మనవరాలు వచ్చి నా మెడ పట్టుకున్నది. కడప చెల్లె మాత్రం దస్తీ రెండు చేతుల పట్టుకొని, యుద్ధం గెలిచినట్టు వచ్చింది.

"నీ సీటు ఎవురికీ ఇయ్యల్యా అక్కా! ఆ వైర్ల పిల్లోడు రెండుతూర్లు అడిగినాడు. కాళ్ళిరగ్గొడ్తా అన్న్యా!"

"సీటు కాపాడినవ్ చెల్లె. మనిషిని మరిచినవ్."

"మనిషిని గూడా చూసుకోమని చెప్పింటే చూసుకుందు గదా!"

గైడు పిల్ల, పైకి ఎక్కుడు కష్టం, మీరు కిందనే నీడల కూసోండి, అన్నది. నేను చెప్పుల పట్టీ గట్టిగ చేసుకున్న. అందరూ నీళ్ళ కాడ ఫోటోలల్ల ఉంటే నేను ఎక్కుడు మొదలుపెట్టిన. దారి చెరిగిపోయింది గని, కాళ్ళకు తెలుసు. చిన్న గూని మీదికి పోతే ఒక సాపు బండ ఉంటది. పక్కన పెద్ద రాయి వంగి ఉంటది, ఎప్పుడూ నీడ. మేకలు కాసే పిల్లలం అందరం ఆ బండ కోసమే ఉరికేటోళ్ళం. ముందు ఎక్కినోళ్ళు తలగుడ్డ తీసి దాని మీద పరిస్తే, పొద్దుగూకే దాకా అది వాళ్ళదే. నాకు ఒక్కనాడూ దొరకలే. చంకల తమ్ముడు ఉంటుండె. తమ్ముణ్ణి ఎత్తుకొని నేను పైకొచ్చేసరికి ఎవరిదో తలగుడ్డ నవ్వుకుంట పరిచి ఉండేది. నేను ఎండల కూసునేదాన్ని.

బండ అట్లనే ఉన్నది. నీడ కూడా. మీద ఎవరి గుడ్డా లేదు. నేను దస్తీ దులిపి, నీలం అంచు కనబడేటట్టు పరిచి, దాని మీద కూసున్న. ఆయాసం తగ్గినంక చూసిన, చుట్టూ నీళ్ళే. ఉరుకుకుంట వచ్చేటోళ్ళు ఎవరూ లేరు. మొదటిసారి ముందొచ్చిన గని, పందెం పెట్టేటోళ్ళు లేరు.

మనవరాలు రొప్పుకుంట పైకొచ్చింది. ఫోన్ తీయబోయి, నా మొఖం చూసి, మళ్ళ జేబుల పెట్టుకున్నది. పక్కన కూసున్నది. అప్పుడు చెప్పిన, ఊరి సంగతి, మేకలు, తమ్ముడు, అన్నీ. "ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు నానమ్మా?" అంటే "నువ్వు అడిగినవా?" అన్న. కింద విజిలు మోగింది. లేచినం.

కొంచెం దిగినంక మనవరాలు, "అయ్యో, దస్తీ మరిచినవ్, తెస్తా ఉండు" అని వెనక్కి తిరిగింది.

"మరువలే. ఉండనీ" అన్న. గాలికి పోకుండ దాని మీద ఒక రాయి కూడా పెట్టొచ్చిన. పాత పెట్టికోటుతోని మసిగుడ్డలు కుట్టే మనిషిని, కొత్త దస్తీ అడవిల వదిలి వచ్చిన అంటే మా ఇంట్ల ఇప్పటికీ నమ్మరు.

ఇప్పుడు మోకాళ్ళ నొప్పితోని బాల్కనిల కూసొని రోడ్డు చూస్తున్నప్పుడు ఆ పోరి గుర్తొస్తది, డబ్బా చంకల పెట్టుకొని అందరికంటే ముందు గుట్టెక్కిన అరవై ఏండ్ల పోరి. నవ్వొస్తది. ఆ దస్తీ ఈపాటికి ఎండకు వానకు చీలికలై ఉంటది. అయినా మీరు ఎవరైనా అటు పోతే, చిన్న గూని మీద నీడల సాపు బండ కనబడితే, జర పక్కన కూసోండి. ఆ సీటుకు మనిషున్నది.